కరెంటు వచ్చింది.. కంప్యూటర్ ఆన్ అయ్యింది.. మరి పని మొదలైందా? లైనక్స్‌లో స్టార్టప్ కమాండ్లు సెట్ చేసేది ఇలా!

రాత్రి కరెంటు పోయి వచ్చాక లైనక్స్ కంప్యూటర్ తనంతట తానే పని మొదలుపెట్టాలంటే ఏం చేయాలి? దీనికి నాలుగు దారులున్నాయి. ఏది వాడాలి? ఏది వద్దు? ఎక్కడ తేడా వస్తే డేటా పోతుంది? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉదాహరణలతో సింపుల్‌గా తెలుసుకుందాం.

ధర్మవరంలో ఓ చిన్న పట్టుచీరల డిజైన్ సెంటర్ ఉందనుకుందాం. మూలన ఓ పాత కంప్యూటర్. అందులో ఉబుంటు లైనక్స్. అంచులు, కొంగులు, బుటాలు.. ఏళ్ల తరబడి గీసిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. పక్కనే ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. రోజూ సిస్టమ్ ఆన్ కాగానే డిజైన్లన్నీ ఆ డిస్క్‌లోకి కాపీ అయ్యేలా ఎవరో ఓ కమాండ్ పెట్టి వెళ్లారు. ఓనర్‌కు ధీమా. 'బ్యాకప్ ఉందిలే' అని.

ఓ రోజు కంప్యూటర్ లోపలి డిస్క్ పోయింది. సరే, బ్యాకప్ తీద్దామని ఎక్స్‌టర్నల్ డిస్క్ తెరిస్తే షాక్! అందులో ఉన్నవి మూడు నెలల కిందటి ఫైళ్లు. "అన్నా, పోయిన నెల గీయించిన కొంగు డిజైన్ యాడుంది?" అని అడిగిన మాస్టర్ వీవర్‌కు ఏం చెప్పాలి?

విచిత్రం ఏంటంటే.. ఆ మూడు నెలలూ బ్యాకప్ కమాండ్ రోజూ నడిచింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కానీ కాపీలన్నీ వెళ్లింది ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాదు. పాడైపోయిన ఆ లోపలి డిస్క్‌లోకే!

ఇది ఉదాహరణ కోసం చెప్పుకున్న కథే. కానీ లైనక్స్ వాడేచోట ఇలా జరగడానికి పూర్తి అవకాశం ఉంది. కారణం ఒక్కటే. కమాండ్ నడిచింది, కానీ నడవాల్సిన టైమ్ కంటే ముందు నడిచింది.

ఆన్ బటన్ నొక్కగానే లోపల ఏం జరుగుతుంది?

కంప్యూటర్ ఆన్ అవ్వడం అంటే ఒక్క పని కాదు. ముందు మదర్‌బోర్డులోని బయోస్ లేదా యూఈఎఫ్ఐ లేస్తుంది. అది గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను లేపుతుంది. గ్రబ్ లైనక్స్ కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది. కెర్నల్ రెడీ అయ్యాక మొట్టమొదటి ప్రోగ్రామ్‌ను స్టార్ట్ చేస్తుంది. దాని నంబర్ ఎప్పుడూ 1. ఇవాళ ఎక్కువ లైనక్స్ సిస్టమ్స్‌లో ఆ నంబర్ 1 ప్రోగ్రామ్ పేరు సిస్టమ్‌డీ. డిస్కులు కలపడం, నెట్ ఆన్ చేయడం, లాగిన్ స్క్రీన్ చూపించడం.. మిగతా అన్నింటినీ లేపే బాధ్యత దానిదే.

ధర్మవరం వాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం చాలా ఈజీ. జకార్డ్ మగ్గం చూశారుగా! రంధ్రాలు కొట్టిన అట్టలు వరుసగా దండలా కట్టి ఉంటాయి. ఒక్కో అట్ట వచ్చినప్పుడు ఏ పోగులు లేవాలో మగ్గానికి తెలుస్తుంది. అట్టలు అటుఇటు అయితే డిజైన్ చెడిపోతుంది. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ తెచ్చిన ఆ అట్టల ఐడియానే తర్వాత కంప్యూటర్ల పంచ్ కార్డులకు దారి చూపింది.

పాత లైనక్స్ సిస్టమ్స్ దాదాపు ఇలాగే ఒకదాని తర్వాత ఒకటిగా పనులు చేసేవి. 2010లో మొదలైన సిస్టమ్‌డీ ఈ పద్ధతి మార్చేసింది. 2011లో ఫెడోరా 15, 2015 ఏప్రిల్‌లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దీన్ని డిఫాల్ట్ చేసుకున్నాయి. బూట్ ఫాస్ట్‌గా అవ్వాలని ఇది చాలా పనులను ఒకేసారి మొదలుపెడుతుంది. 'దీని తర్వాతే అది' అని మనం రాసి ఇస్తేనే ఆ వరుస పాటిస్తుంది. రాయకపోతే ఏది ముందు లేస్తుందో గ్యారంటీ లేదు. అసలు చిక్కు ఇక్కడే!

మీ ఫోన్‌లోనూ ఇదే కథ

లైనక్స్ మనకు సంబంధం లేని విషయం అనుకుంటున్నారా? ఈ వార్తను ఆండ్రాయిడ్ ఫోన్‌లో చదువుతుంటే మీ చేతిలో ఉన్నది లైనక్స్ కెర్నలే. ఫోన్ రీస్టార్ట్ అయ్యాక మీరు లాక్ తీయకముందే అలారం మోగగలదు. కానీ చాలా యాప్‌లు మాత్రం మీరు పిన్ కొట్టేదాకా పూర్తిగా పనిచేయవు. లాక్ తీయకముందు నడిచేవి వేరు, తీశాక నడిచేవి వేరు. ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ ఏర్పాటు ఉంది. కంప్యూటర్‌లోనూ ఇదే తేడా చాలామందిని దెబ్బ కొడుతుంది. అదేంటో కింద చూద్దాం.

ముందుగా ఈ ఒక్క సెట్టింగ్ చూసుకోండి

కమాండ్ల దాకా వెళ్లకముందే ఓ ప్రశ్న. కరెంటు వచ్చాక మీ కంప్యూటర్ దానంతట అదే ఆన్ అవుతుందా? చాలా డెస్క్‌టాప్‌లు అవ్వవు. ఎవరో వచ్చి బటన్ నొక్కాల్సిందే.

బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే పవర్ అనే భాగంలో 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' లాంటి పేరుతో ఓ ఆప్షన్ ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారొచ్చు. దాన్ని 'పవర్ ఆన్'కు మార్చాలి. ఇది చేయకపోతే ఎంత మంచి స్టార్టప్ కమాండ్ రాసినా వేస్టే.

నాలుగు దారులు.. ఏది దేనికి?

1. డెస్క్‌టాప్ ఆటోస్టార్ట్: ఉబుంటులో 'స్టార్టప్ అప్లికేషన్స్' అనే పేరుతో కనిపిస్తుంది. మౌస్‌తోనే సెట్ చేయొచ్చు. కానీ ఇది నడిచేది బూట్ అయినప్పుడు కాదు, ఎవరైనా లాగిన్ అయినప్పుడు. అర్ధరాత్రి కరెంటు వచ్చి లాగిన్ స్క్రీన్ దగ్గర ఆగిపోతే పొద్దున మీరు పాస్‌వర్డ్ కొట్టేదాకా ఏమీ జరగదు. బ్రౌజర్, మ్యూజిక్ ప్లేయర్ లాంటి కంటికి కనిపించే వాటికి ఓకే. బ్యాకప్‌కు పనికిరాదు.

2. క్రాన్‌లో 'ఎట్ రీబూట్': టైమ్ ప్రకారం పనులు చేసే క్రాన్‌లో @ గుర్తు పెట్టి రీబూట్ అని రాసి, పక్కన కమాండ్ ఇస్తే బూట్ అయిన ప్రతిసారీ నడుస్తుంది. ఒక్క లైన్‌తో అయిపోతుంది. లాగిన్ అక్కర్లేదు. కానీ అప్పటికి నెట్ వచ్చిందా, ఎక్స్‌టర్నల్ డిస్క్ కలిసిందా.. క్రాన్ పట్టించుకోదు. కమాండ్ మధ్యలో ఆగిపోతే మళ్లీ లేపదు కూడా.

3. ఆర్‌సీ డాట్ లోకల్: పాతకాలం నుంచి వస్తున్న ఫైల్. ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది. పాత వీడియోల్లో ఎక్కువగా చెప్పేది దీని గురించే. కొత్త సిస్టమ్స్‌లో చాలాచోట్ల ఈ ఫైలే ఉండదు. మనం తయారు చేసినా, దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వకపోతే నడవదు. అందులోని కమాండ్లన్నీ రూట్ అధికారంతో నడుస్తాయి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

4. సిస్టమ్‌డీ సర్వీస్: నాలుగింటిలో గట్టిది ఇదే. కాస్త ఎక్కువ రాయాలి. కానీ ఎప్పుడు నడవాలి, దేని తర్వాత నడవాలి, ఎవరి పేరుతో నడవాలి, ఆగిపోతే ఏం చేయాలి.. అన్నీ చెప్పొచ్చు. ఏం జరిగిందో రికార్డ్ కూడా ఉంటుంది.

సర్వీస్ ఫైల్ అంటే భయపడకండి.. ఉండేవి మూడు భాగాలే!

ఇక్కడ కమాండ్ల పేర్లను తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లైనక్స్ పట్టించుకుంటుంది.

ముందు మీరు చేయించాలనుకున్న పనిని ఓ స్క్రిప్ట్ ఫైల్‌లో రాసుకోండి. తర్వాత ఈటీసీ ఫోల్డర్‌లో సిస్టమ్‌డీ, దాని లోపల సిస్టమ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి, మీకు నచ్చిన పేరు చివర డాట్ సర్వీస్ పెట్టి ఓ ఫైల్ తయారు చేయండి. అందులో మూడు భాగాలుంటాయి.

యూనిట్: ఇది పరిచయం. ఈ సర్వీస్ ఏంటి, దేని తర్వాత మొదలవ్వాలి అనేది ఇక్కడ రాస్తాం. 'ఆఫ్టర్' అని రాస్తే వరుస మాత్రమే చెప్పినట్టు. 'రిక్వైర్స్' అని రాస్తే 'అది లేకుండా ఇది వద్దు' అని చెప్పినట్టు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరబడతారు.

సర్వీస్: ఇది అసలు పని. 'ఎగ్జెక్‌స్టార్ట్' అనే లైన్‌లో మీ స్క్రిప్ట్ ఎక్కడుందో పూర్తి దారి రాయాలి. 'యూజర్' లైన్‌లో ఎవరి పేరుతో నడవాలో చెప్పాలి. బ్యాకప్‌లా ఒకసారి చేసి అయిపోయే పనైతే 'టైప్' దగ్గర వన్‌షాట్ అని రాయాలి.

ఇన్‌స్టాల్: ఇది ఎప్పుడు లేవాలో చెప్పే భాగం. మామూలుగా 'వాంటెడ్‌బై' దగ్గర మల్టీ-యూజర్ డాట్ టార్గెట్ అని రాస్తే చాలు. లాగిన్ అవసరం లేకుండానే బూట్‌లో నడుస్తుంది.

ఫైల్ సేవ్ చేశాక 'సుడో సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్' కొట్టాలి. అప్పుడే సిస్టమ్‌డీ మీ ఫైల్‌ను చదువుతుంది. తర్వాత 'స్టార్ట్' అంటే ఇప్పుడే ఒకసారి నడువు అని అర్థం. 'ఎనేబుల్' అంటే ఇక నుంచి ప్రతి బూట్‌లో నడువు అని అర్థం. స్టార్ట్ చేసి, పని జరిగిందని చూసి, ఎనేబుల్ చేయడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. కరెంటు పోయి వచ్చాక గానీ ఆ సంగతి తెలియదు!

పడుగు లేకుండా పేక వేయొద్దు

ఇప్పుడు మళ్లీ ధర్మవరం డిజైన్ సెంటర్‌కు వద్దాం. ఆ కాపీలు లోపలి డిస్క్‌లోకి ఎందుకు వెళ్లాయి?

లైనక్స్‌లో ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఏదో ఒక ఫోల్డర్ దగ్గర తగిలిస్తారు. దీన్నే మౌంట్ చేయడం అంటారు. డిస్క్ మౌంట్ అయితే ఆ ఫోల్డర్‌లో డిస్క్ ఫైళ్లు కనిపిస్తాయి. మౌంట్ కాకపోతే? ఫోల్డర్ అక్కడే ఖాళీగా ఉంటుంది. అది లోపలి డిస్క్‌లోని మామూలు ఫోల్డర్. అప్పుడు మీరు కాపీ చేస్తే లైనక్స్ అడ్డు చెప్పదు. ఖాళీ ఫోల్డర్ ఉంది కదా అని అందులోనే రాసేస్తుంది. పైగా తర్వాత డిస్క్ మౌంట్ అయ్యాక ఆ కాపీలు కంటికి కూడా కనిపించవు, చోటు మాత్రం తింటూ ఉంటాయి.

పాత డిస్క్ లేవడానికి కొన్ని సెకన్లు ఆలస్యమైనా చాలు, కమాండ్ ముందే పరిగెత్తేస్తుంది. పడుగు ఎక్కించకుండానే పేక వేసినట్టు!

దీనికి మందు ఒకే ఒక్క లైన్. యూనిట్ భాగంలో 'రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్' అని రాసి, పక్కన డిస్క్ తగిలించిన ఫోల్డర్ దారి ఇవ్వాలి. డిస్క్ మౌంట్ అయితేనే సర్వీస్ నడుస్తుంది. కాకపోతే సర్వీస్ ఫెయిల్ అవుతుంది. ఫెయిల్ అవ్వడమే ఇక్కడ మంచిది. తప్పు చోట కాపీ అవ్వడం కంటే అసలు అవ్వకపోవడం మేలు కదా.

అయితే ఈ లైన్ పనిచేయాలంటే డిస్క్ వివరాలు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్‌లో ఉండాలి. అక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, డిస్క్‌ను ఎస్‌డీబీ లాంటి పేరుతో కాకుండా యూయూఐడీ నంబర్‌తో రాయాలి. పేరు బూట్ బూట్‌కూ మారొచ్చు, ఆ నంబర్ మారదు. రెండు, 'నోఫెయిల్' అనే మాట చేర్చాలి. లేదంటే డిస్క్ కేబుల్ ఊడిన రోజున సిస్టమ్ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

నెట్ వచ్చిందనుకుంటే.. ఇంకా రాలేదు!

డిస్క్‌తో వచ్చే చిక్కే ఇంటర్నెట్‌తోనూ వస్తుంది. హిందూపురం మార్కెట్‌లో చింతపండు, బెల్లం వ్యాపారి ఒకరు ఉన్నారనుకుందాం. షాపు లెక్కలు రోజూ బెంగళూరులోని ఆడిటర్‌కు నెట్ ద్వారా వెళ్లాలి. కంప్యూటర్ ఆన్ కాగానే పంపేలా కమాండ్ పెట్టారు. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌తో పాటు వైఫై రౌటర్ కూడా ఆగిపోతుంది. తిరిగి వచ్చాక కంప్యూటర్ ముందే రెడీ అయిపోయి, రౌటర్‌కు ఇంకా లైన్ దొరకలేదనుకోండి.. కమాండ్ ఫెయిల్.

ఇక్కడ చాలామంది 'ఆఫ్టర్' దగ్గర నెట్‌వర్క్ డాట్ టార్గెట్ అని రాస్తారు. అది సరిపోదు. నెట్‌వర్క్‌ను చూసుకునే ప్రోగ్రామ్ మొదలైందని మాత్రమే దాని అర్థం. రాయాల్సింది నెట్‌వర్క్-ఆన్‌లైన్ డాట్ టార్గెట్. 'ఆఫ్టర్'తో పాటు 'వాంట్స్'లోనూ రాయాలి.

అదొక్కటీ చాలదు. రౌటర్‌తో కనెక్ట్ అయినంత మాత్రాన బయటి ఇంటర్నెట్ ఉన్నట్టు కాదు. అందుకే సర్వీస్ భాగంలో 'రీస్టార్ట్' దగ్గర ఆన్-ఫెయిల్యూర్ అని, 'రీస్టార్ట్‌సెక్' దగ్గర 30 అని రాయండి. ఫెయిలైతే 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ గ్యాప్ ఇవ్వకపోతే వెంటవెంటనే ప్రయత్నిస్తుంది. మామూలు సెట్టింగ్ ప్రకారం 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టినా నిలబడకపోతే సిస్టమ్‌డీ ఇక వదిలేస్తుంది.

పాత కంప్యూటర్లతో ఇంకో తలనొప్పి టైమ్. మదర్‌బోర్డులోని నాణెం లాంటి బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చాక తేదీ ఎక్కడికో వెళ్లిపోతుంది. తేదీ పేరుతో చేసిన బ్యాకప్‌లన్నీ కలగాపులగం అవుతాయి. తేదీ తప్పుగా ఉంటే సెక్యూర్ వెబ్‌సైట్లు కూడా కనెక్ట్ అవ్వవు. పైన చెప్పిన బయోస్ సెట్టింగ్ కూడా చెరిగిపోవచ్చు. చాలా మదర్‌బోర్డుల్లో ఉండేది సీఆర్2032 బ్యాటరీ. ముందు దాన్ని మార్చండి.

పెనుకొండ కోర్టుకూ లైనక్స్‌కూ లింక్ ఏంటి?

ఇదంతా చిన్న షాపుల గొడవే అనుకోవద్దు. సుప్రీంకోర్టు ఈ-కమిటీ దేశంలోని జిల్లా, తాలూకా కోర్టుల కంప్యూటర్ల కోసం ఎంచుకుంది ఉబుంటు లైనక్స్‌నే. జడ్జిలకు, కోర్టు సిబ్బందికి దీనిపై ట్రైనింగ్ కూడా ఇచ్చారు. కేసుల వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను కూడా ఓపెన్ సోర్స్ పద్ధతిలోనే తయారు చేశారు. 2007లో మొదలైన ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు మూడో దశకు 2023 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ రూ.7,210 కోట్లు ఓకే చేసింది.

అంటే పెనుకొండ, హిందూపురం, ధర్మవరం కోర్టుల్లో భూమి కేసు నడుస్తున్న రైతు వాయిదా ఎప్పుడో ఫోన్‌లోనే చూసుకోగలుగుతున్నాడంటే, ఆ వెనుక ఉన్న వ్యవస్థలో లైనక్స్ పాత్ర ఉంది. ఇలాంటి పెద్ద వ్యవస్థ అయినా, షాపులో పాత డబ్బా అయినా సూత్రం ఒకటే. కరెంటు వచ్చాక ఎవరూ గుర్తు చేయకుండానే ప్రతి పనీ తన వరుసలో మొదలవ్వాలి.

యూట్యూబ్‌లో చూసి కాపీ కొడుతున్నారా? ఆగండి!

స్టార్టప్ కమాండ్ అంటే ఇంటి తాళం ఇచ్చినట్టే. 'యూజర్' లైన్ రాయకపోతే సర్వీస్ రూట్ అధికారంతో నడుస్తుంది. అంటే సిస్టమ్‌లో ఏ ఫైల్‌నైనా మార్చొచ్చు, తీసేయొచ్చు. వీలైనంతవరకూ మామూలు యూజర్ పేరుతోనే నడపండి. రూట్‌తో తప్పదనుకుంటే ఆ స్క్రిప్ట్‌ను వేరే ఎవరూ మార్చలేకుండా పర్మిషన్లు పెట్టండి. స్క్రిప్ట్‌ను ఎవరైనా మార్చగలిగితే, తర్వాతి బూట్‌లో వాళ్లు రాసిందే రూట్‌గా నడుస్తుంది.

మీకు తెలియకుండా కంప్యూటర్‌తో క్రిప్టో మైనింగ్ చేయించే మాల్‌వేర్ కూడా దాక్కునేది ఇక్కడే. రీస్టార్ట్ చేసినా పోకుండా ఉండటానికి క్రాన్‌లోనో, సర్వీస్‌గానో తనను తాను రాసుకుంటుంది. అందుకే అప్పుడప్పుడు 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-యూనిట్-ఫైల్స్' కొట్టి, ఎనేబుల్ అయిన వాటిలో తెలియని పేర్లు ఏమైనా ఉన్నాయేమో చూడండి. అర్థం కాని లైన్‌ను మాత్రం స్టార్టప్‌లో పెట్టొద్దు.

పనిచేస్తోందో లేదో ఇలా టెస్ట్ చేయండి

- 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' పక్కన సర్వీస్ పేరు ఇస్తే ఇప్పుడు ఏ పరిస్థితిలో ఉందో చూపిస్తుంది.

- 'జర్నల్‌సీటీఎల్' పక్కన మైనస్ యూ, సర్వీస్ పేరు, మైనస్ బీ కొడితే ఈ బూట్‌లో ఆ సర్వీస్ ఏం చేసిందో మొత్తం కనిపిస్తుంది.

- 'సిస్టమ్‌సీటీఎల్' పక్కన రెండు మైనస్‌లు పెట్టి ఫెయిల్డ్ అని కొడితే ఫెయిలైనవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. వారానికోసారైనా చూడండి.

- మామూలుగా రీబూట్ చేసి, లాగిన్ అవ్వకుండా ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత చూస్తే పని అయిపోయి ఉండాలి.

- సిస్టమ్ షట్‌డౌన్ చేసి, ఎక్స్‌టర్నల్ డిస్క్ కేబుల్ తీసి బూట్ చేయండి. ఇప్పుడు బ్యాకప్ ఫెయిల్ అవ్వాలి. ఫెయిలైతేనే మీరు పాస్!

- చివరగా బ్యాకప్‌లోంచి ఓ ఫైల్ తీసి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

టెస్ట్ పేరుతో నడుస్తున్న సిస్టమ్ ప్లగ్ మాత్రం పీకొద్దు. డిస్క్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒకవేళ కొత్త కమాండ్ వల్ల బూట్ ఆగిపోతే కంగారు పడకండి. గ్రబ్ మెనూలో రికవరీ మోడ్ ఎంచుకుని లోపలికి వెళ్లి, ఆ సర్వీస్‌ను 'డిసేబుల్' చేస్తే మళ్లీ మామూలు స్థితికి వచ్చేస్తుంది.

ఇంకో మాట. సిస్టమ్ రోజుల తరబడి ఆగకుండా నడిచే చోట, బ్యాకప్‌ను బూట్‌కు మాత్రమే కట్టిపెట్టొద్దు. రీబూట్ అవ్వకపోతే బ్యాకప్ కూడా అవ్వదు కదా! అలాంటి చోట సిస్టమ్‌డీ టైమర్ వాడండి. అందులో 'పర్సిస్టెంట్' దగ్గర ట్రూ అని పెడితే, టైమ్‌కు కరెంటు లేక మిస్సయిన పనిని సిస్టమ్ ఆన్ అయ్యాక చేసేస్తుంది.

మొత్తం చూస్తే అరగంట పని. ఈసారి కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ లైటు వెలిగిందా అని చూసి ఊరుకోవద్దు. బ్యాకప్ ఫోల్డర్ తెరిచి, ఇవాళ్టి తేదీతో ఫైల్ ఉందో లేదో చూడండి.